కుందేళ్లు తిరిగే చోట పూలతోట

నిర్వచనం, పరిధి

అడవి కుందేళ్లు స్వేచ్ఛగా తిరిగే ఊళ్లలో, శివారు కాలనీల్లో పూలమొక్కలను వాటి నోట పడకుండా పెంచుకునే పద్ధతులన్నీ ఈ అంశం కిందికి వస్తాయి. ఏ మొక్క వేయాలి, ఏది మానాలి, కంచె ఎంత ఎత్తు ఉండాలి, వాసన మందులు ఎంతవరకు పనిచేస్తాయి, పెరటిని ఎలా సర్దుకోవాలి, చట్టం దేనికి ఒప్పుకుంటుంది అన్నవి ఇందులో ముఖ్యమైనవి. కూరగాయల మడులకూ చాలావరకు ఇవే సూత్రాలు వర్తిస్తాయి. అయితే పూలతోటకు ఒక అదనపు చిక్కు ఉంది. వంగ, బెండ మడిని నాలుగువైపులా జాలీతో మూసేస్తే ఎవరూ ఏమీ అనుకోరు. పూలతోట నలుగురూ చూడటానికి వేసుకునేది కాబట్టి దాన్ని బోనులో పెట్టడానికి ఎవరికీ మనసొప్పదు. ఈ విషయంలో చెలామణీలో ఉన్న చిట్కాల్లో చాలావాటికి ఈ మొహమాటమే మూలం.

సమస్య ప్రధానంగా ఉత్తర అమెరికా, బ్రిటన్, పశ్చిమ ఐరోపా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లది. భారతదేశంలోనూ అడవి కుందేలు ఉంది గానీ, అది జనావాసాల మధ్య కాపురం పెట్టే రకం కాదు (చూ. తెలుగు నేల, ప్రవాస తెలుగు తోటలు).

చరిత్ర

ఐరోపా కుందేలు సొంతగడ్డ ఐబీరియా ద్వీపకల్పం, అంటే నేటి స్పెయిన్, పోర్చుగల్. మాంసం కోసం, బొచ్చు కోసం మనుషులే దాన్ని మిగతా ఐరోపాకు మోసుకెళ్లారు. ఇంగ్లండ్‌లో అది స్థిరపడింది 12వ శతాబ్దంలో, నార్మన్ రాజుల ఏలుబడిలో. అప్పట్లో అది ఖరీదైన జీవం. దాని కోసం మట్టితో పొడవాటి దిబ్బలు పోసి, బొరియలు తవ్వుకునే వీలు కల్పించి, కాపలాకు మనుషులను పెట్టేవారు. ఆ దిబ్బల ఆనవాళ్లు ఇంగ్లండ్, వేల్స్ పల్లెల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. కాపలా తప్పించుకున్నవి పొలాల్లో పడి పెరిగి, 19వ శతాబ్దానికల్లా రైతుకు తలనొప్పి అయ్యాయి. వేట హక్కు భూస్వామిది, పంట నష్టం కౌలురైతుది. 1880 నాటి గ్రౌండ్ గేమ్ చట్టం వచ్చాకే కౌలురైతుకు తాను సాగుచేసే నేలలో కుందేళ్లను పట్టుకునే హక్కు దక్కింది.

ఆస్ట్రేలియా కథ అందరికీ తెలిసినదే. 1859లో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి వేట సరదా కోసం ఇంగ్లండ్ నుంచి కుందేళ్లను తెప్పించి, విక్టోరియాలోని బార్వన్ పార్క్ ఎస్టేట్‌లో వదిలాడు. ఖండమంతా వ్యాపించిన కుందేళ్ల మూలం ఆ మందేనని 2022లో వెలువడిన జన్యు అధ్యయనం నిర్ధారించింది. వాటిని ఆపడానికి పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వం 1901లో మొదలుపెట్టి 1907లో పూర్తిచేసిన మూడు కంచెల మొత్తం పొడవు 3,253 కిలోమీటర్లు. మొదటి కంచె ఒక్కటే 1,833 కిలోమీటర్లు. కంచె పూర్తికాకముందే కుందేళ్లు అవతలి పక్కకు చేరిపోయాయి. పెరట్లో జాలీ కట్టేవారికీ ఇందులో పనికొచ్చే సంగతి ఉంది: కుందేలు లోపల ఉండగా కంచె పూర్తిచేస్తే అది కుందేలుకే రక్షణ.

1950లో ఆస్ట్రేలియా మిక్సోమటోసిస్ అనే వైరస్ వ్యాధిని అడవి కుందేళ్లలోకి వదిలింది. 1953లో అదే వ్యాధి బ్రిటన్ చేరి, అక్కడి కుందేళ్లలో అత్యధిక భాగాన్ని తుడిచిపెట్టింది. తోటమాలులు కొన్నేళ్లు ఊపిరి పీల్చుకున్నారు. తరువాత కుందేళ్లలో వ్యాధి నిరోధకత పెరిగింది, వైరస్ తీవ్రత తగ్గింది, సంఖ్య మళ్లీ కోలుకుంది. 1954 నాటి చట్టం ఆ వ్యాధిని కావాలని వ్యాపింపజేయడాన్ని బ్రిటన్‌లో నేరంగా ప్రకటించింది.

ఉత్తర అమెరికాలో దారి వేరు. అక్కడి తూర్పు కాటన్‌టెయిల్ ఎవరూ తెచ్చిపెట్టినది కాదు, స్థానిక జంతువే. దట్టమైన అడవి దానికి పెద్దగా నచ్చదు. అడవీ గడ్డినేలా కలిసే అంచు కావాలి. వలసదారులు అడవులు నరికి పొలాలు చేసినప్పుడు అలాంటి అంచులు పెరిగాయి. రెండో ప్రపంచ యుద్ధం తరువాత వెలిసిన శివారు కాలనీలు వాటిని వీధి వీధికీ తెచ్చాయి. కత్తిరించిన పచ్చిక, దాని పక్కన పొదల వరుస, పొదల వెనక చెక్క డెక్, డెక్ కింద చీకటి ఖాళీ. కుందేలుకు కావలసిన ఏర్పాట్లన్నీ ఒకే ప్లాటులో అమరాయి.

జంతువు: రకాలు, స్వభావం

ఐరోపా కుందేలు (ఓరిక్టోలాగస్ క్యూనిక్యులస్) బొరియలు తవ్వి గుంపుగా జీవిస్తుంది. ఇళ్లలో, ఫారాల్లో పెంచే రకాలన్నీ దీని సంతతే. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరిగిన పరిశోధన ప్రకారం, పల్లె వైపు పెద్ద బొరియల్లో గుంపులుగా ఉండే ఈ జాతి నగరం నడిబొడ్డుకు వచ్చేసరికి చిన్న చిన్న బొరియలతో దగ్గర దగ్గరగా సర్దుకుంటుంది. పరాయి దేశాల్లో తెగులుగా పేరుపడ్డ ఈ జంతువును సొంతగడ్డ మీద ప్రమాదంలో ఉన్న జాతిగా 2019లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య ప్రకటించడం విచిత్రమే.

తూర్పు కాటన్‌టెయిల్ (సిల్విలాగస్ ఫ్లోరిడానస్) దక్షిణ కెనడా నుంచి దక్షిణ అమెరికా ఉత్తర భాగం వరకు ఉంటుంది. బరువు సుమారు ఒకటి, ఒకటిన్నర కిలో. బొరియ తవ్వదు. గడ్డిలో ఒళ్లు పట్టేంత గుంట చేసుకుని అందులో నక్కి ఉంటుంది. ఈ తేడా కంచె వేసేవారికి ముఖ్యం. ఐరోపా కుందేలుకు కంచె లోతు కావాలి, కాటన్‌టెయిల్‌కు జాలీ కింద సందు లేకుండా చూస్తే చాలావరకు సరిపోతుంది. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో తిరిగే జాక్‌రాబిట్ అసలు కుందేలు కాదు, చెవులపిల్లి జాతి. ఎగిరి దూకడంలో మిగతావాటిని మించుతుంది.

కుందేలును చాలామంది ఎలుక జాతిలో కలిపేస్తారు. దాని పై దవడలో ముందు పళ్ల వెనక మరో జత చిన్న పళ్లు ఉంటాయి. ఈ కారణంగానే జంతుశాస్త్రం దాన్ని ఎలుకల నుంచి విడదీసి వేరే క్రమంలో పెట్టింది. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, కాబట్టి కొరకడం వాటికి ఆగని పని. ఆహారాన్ని రెండుసార్లు జీర్ణం చేసుకుంటుంది: పెద్దపేగు మొదట్లోని సంచిలో పులిసి బయటికి వచ్చిన మెత్తటి ఉండలను తిరిగి తినేస్తుంది. ఈ ఏర్పాటు వల్లే మంచు కాలంలో ఎండుగడ్డి, చెట్ల బెరడు మీద కూడా బతకగలదు.

మేత వేళలు తెల్లవారుజాము, సాయంసంధ్య. పగలు కనబడలేదంటే లేనట్టు కాదు. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటంతో దాదాపు చుట్టూ చూడగలదు. ఒక్క గంతులో దాక్కునే పొద అందుబాటులో లేకపోతే మేతకు దిగడానికి జంకుతుంది.

కాటన్‌టెయిల్ గర్భధారణ కాలం సుమారు 28 రోజులు. ఒక ఈతలో సాధారణంగా మూడు నుంచి ఐదు పిల్లలు, ఏడాదికి మూడు నాలుగు ఈతలు. ఈనిన కొద్ది గంటల్లోనే ఆడ కుందేలు మళ్లీ కట్టగలదు. అయితే పుట్టినవాటిలో ఎక్కువ భాగం ఏడాది నిండకుండానే గద్దకో, గుడ్లగూబకో, నక్కకో ఆహారమవుతాయి. ఒక పెరట్లో పట్టుకున్న కుందేలు స్థానాన్ని వారం తిరక్కుండా మరొకటి ఆక్రమించడానికి ఈ సంతాన వేగమే కారణం.

నష్టాన్ని గుర్తించడం

పూలమొక్క పోయిందంటే నేరం ప్రతిసారీ కుందేలుది కాదు. జింక, గ్రౌండ్‌హాగ్, చిట్టెలుక, నత్త, చివరికి గొంగళిపురుగు కూడా అనుమానితులే. కాడను చూస్తే చాలావరకు తేలిపోతుంది. కుందేలు కొరికిన కాడ చివర కత్తితో ఏటవాలుగా కోసినట్టు, సుమారు 45 డిగ్రీల కోణంలో నున్నగా ఉంటుంది. జింకకు పై దవడలో ముందు పళ్లు లేవు, అందుకే పట్టి లాగుతుంది. తెగిన చోట పీచులు వేలాడతాయి. నేల నుంచి రెండడుగుల పైన జరిగిన నష్టానికి మంచు లేని కాలంలో కుందేలును అనుమానించనక్కర్లేదు. నత్తలు ఆకుకు చిల్లులు పెట్టి, వెండిరంగు జిగురు చార వదిలిపోతాయి. కుందేలు వచ్చి వెళ్లిన చోట బఠానీ గింజంత గుండ్రటి పెంటికలు ఉంటాయి.

కాలాన్నిబట్టి నష్టం రూపు మారుతుంది. వసంతంలో లేత చిగుళ్లు, నారు. చలికాలంలో గులాబీ కొమ్మలు, పొదల బెరడు. బెరడును కాండం చుట్టూ వలయంలా ఒలిచేస్తే ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు చేరదు, వలయం పైభాగం చచ్చిపోతుంది. మంచు రెండడుగులు పేరుకుంటే కుందేలు ఆ మంచు మీద నిలబడి అంత పైకి అందుకుంటుంది. మార్చిలో మంచు కరిగాక, నడుమెత్తులో బెరడు లేని పొదను చూసి ఇదెవరి పనో తెలియక తికమకపడేవారు ఉన్నారు.

కొరికినంత మాత్రాన ప్రతి మొక్కా పోదు. చామంతి సాగులో కొనలు తుంచి పక్క కొమ్మలు తెప్పించడం తెలుగు రైతుకు తెలిసిన పనే. జూన్‌కు ముందు ఆస్టర్‌ను, చామంతిని కుందేలు ఒక్కసారి కొరికితే జరిగేది దాదాపు అదే. మొక్క గుబురై కాస్త ఆలస్యంగా పూస్తుంది. చిక్కల్లా ఏమిటంటే రైతు ఒకసారి తుంచి ఊరుకుంటాడు, కుందేలు వేసిన ప్రతి చిగురుకూ తిరిగి వస్తుంది. ట్యులిప్‌కు ఆ అవకాశం కూడా లేదు. దుంపకు ఒకే కాడ, కాడకు సాధారణంగా ఒకే పువ్వు. మొగ్గ పోతే ఆ ఏటి పూత పోయినట్టే. ఆకులు కూడా పోతే దుంపలో నిల్వ చేరక మరుసటి ఏడు పూయదు.

మొక్కల ఎంపిక

కుందేలు ముట్టని మొక్కల జాబితాలు నర్సరీల్లోనూ, అమెరికా విశ్వవిద్యాలయాల వ్యవసాయ విస్తరణ విభాగాల కరపత్రాల్లోనూ విరివిగా దొరుకుతాయి. ఒక జాబితాలో సురక్షితం అన్న మొక్క మరో జాబితాలో ఇష్టమైన మేతగా ఉండటం మామూలే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు ప్రతి తోటమాలీ తన పెరటి అనుభవాన్నే నియమంగా చెబుతాడు. నిజానికి కుందేలు మేత ఆ చుట్టుపక్కల ఇంకేమి దొరుకుతుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఆకలి ముదిరితే ఇష్టంలేనిదీ తింటుంది.

జాబితాల కన్నా కారణాలు తెలుసుకోవడం ఉపయోగం. మొక్కకు రక్షణ నాలుగు రకాలుగా ఉంటుంది. మొదటిది విషం. డాఫోడిల్ దుంపలో, ఆకులో లైకోరిన్ అనే ఆల్కలాయిడ్ ఉంటుంది. ఫాక్స్‌గ్లోవ్‌లో గుండె మీద పనిచేసే గ్లైకోసైడ్లు ఉంటాయి. మన బిళ్ళగన్నేరు అమెరికా నర్సరీల్లో వింకా పేరుతో వేసవి మొక్కగా అమ్ముడవుతుంది. దాని ఆల్కలాయిడ్లు క్యాన్సర్ మందులకు మూలం, కుందేలుకు చేదు. రెండోది ఘాటు నూనెలు: లావెండర్, సాల్వియా, క్యాట్‌మింట్, ఉల్లి జాతికి చెందిన అలియం పూలు. మూడోది నూగు. గొర్రెచెవి పేరుతో పిలిచే స్టాకిస్ ఆకు మీది దట్టమైన నూగు నోటికి అడ్డం పడుతుంది. నాలుగోది గట్టి పీచు, ముదురు తోలు లాంటి ఆకు. పియోనీ, ఐరిస్, లాంటానాలను కూడా కుందేళ్లు సాధారణంగా వదిలేస్తాయి.

ఇష్టపడి తినేవాటిలో ట్యులిప్, క్రోకస్, పాన్సీ, పెటూనియా, లిల్లీ, ఫ్లాక్స్, ఆస్టర్, పొద్దుతిరుగుడు నారు ముందుంటాయి. హోస్టా చిగుళ్లు నేలలోంచి మేకుల్లా పైకి వచ్చిన వారంలోనే మాయమవుతాయి.

ఏ రక్షణ అయినా మొక్క ముదిరాకే బలపడుతుంది. లేత ఆకులో నత్రజని ఎక్కువ, పీచు తక్కువ. నర్సరీలో ఎరువు, నీళ్లు పుష్కలంగా తాగి వచ్చిన నారు మరీ రుచి. కుందేలు ముట్టదని పేరున్న మొక్కనే నాటిన మర్నాడు తినేసిందన్న ఫిర్యాదులకు చాలాసార్లు ఇదే జవాబు. అందువల్ల మొక్క పేరు కన్నా దాని వయసు ముఖ్యం. నాటిన తొలి నాలుగైదు వారాలు గడిపించగలిగితే, బహువార్షికాల్లో చాలావాటిని తరువాత విడిచిపెట్టవచ్చు.

బంతి గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తోట చుట్టూ బంతి నాటితే ఆ వాసనకు కుందేళ్లు రావన్న నమ్మకం రెండు మూడు ఖండాల్లో ఉంది. వేళ్లలోని పదార్థాలతో కొన్ని నులిపురుగులను బంతి అణచగలదన్నది రుజువైన విషయమే. ఆ పేరు కుందేళ్ల విషయంలోకి కూడా పాకింది. కుందేళ్లు మాత్రం బంతి నారును, లేత మొగ్గలను తింటూనే ఉన్నాయి.

రక్షణ పద్ధతులు: కంచె, జాలీ

నమ్మదగిన పద్ధతి కంచె ఒక్కటే. మిగతావన్నీ దానికి తోడు మాత్రమే.

వాడాల్సింది కోళ్ల గూళ్లకు కట్టే షడ్భుజి కన్నుల ఇనుప జాలీ. తెలుగునాట మేస్త్రీలు ఇటుక గోడా కాంక్రీటు స్తంభమూ కలిసేచోట ప్లాస్టరింగ్ పగలకుండా కొట్టే చికెన్ మెష్ అదే. కన్ను వెడల్పు 2.5 సెంటీమీటర్లు మించకూడదు. ఐదు సెంటీమీటర్ల కంతలోంచి కుందేలు పిల్లలు సునాయాసంగా దూరతాయి. పిల్లలు దూరాయంటే మడిలో విందే. ప్లాస్టిక్ వలను కొరికేస్తాయి కాబట్టి అది చౌకైనా పనికిరాదు.

ఎత్తు జాతిని బట్టి ఉండాలి. కాటన్‌టెయిల్‌కు 60 సెంటీమీటర్లు చాలు. ఐరోపా కుందేలుకు, జాక్‌రాబిట్‌కు 90 సెంటీమీటర్లు తక్కువ కాకుండా ఉండాలి. అసలు పని నేలలో ఉంది. బ్రిటన్‌లో ఆచరణలో ఉన్న పద్ధతి ప్రకారం జాలీ అడుగును 30 సెంటీమీటర్లు భూమిలో పాతి, అందులో చివరి 15 సెంటీమీటర్లను ఇంగ్లీషు ఎల్ అక్షరంలా బయటివైపుకు వంచుతారు. కుందేలు కంచె మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది. రెండడుగులు వెనక్కి జరిగి సొరంగం వేయాలన్న ఆలోచన దానికి రాదు. తవ్వగానే కాలికి వంచిన జాలీ తగులుతుంది, అక్కడికి ఆపేస్తుంది. పాతడానికి వీల్లేని రాతినేలలో ఆ వంపును నేల మీదే పరిచి, రాళ్లో మేకులో పెట్టి అదిమినా పనిచేస్తుంది. గడ్డి దాని కన్నుల్లోంచి పెరిగి నెల తిరిగేసరికి కప్పేస్తుంది.

ఎక్కువ కంచెలు ఓడిపోయేది గేటు దగ్గర. గేటు కింద మూడు వేళ్ల సందు ఉంటే కంచె లేనట్టే. గడప బండో, చెక్క పలకో వేసి ఆ సందు మూయాలి.

పూలతోట మొత్తాన్ని చుట్టడం ఇష్టంలేనివారు మొక్కకు మొక్క రక్షణ కట్టుకుంటారు. నాటిన నారు మీద జాలీతో చేసిన గంపలాంటి మూత బోర్లించి, అడుగున కొక్కేలతో నేలకు గుచ్చుతారు. మొక్క దాన్ని నింపేసరికి తీసేస్తారు. ట్యులిప్ వరుస మీద ఆకు పైకి తేలినప్పటి నుంచి మొగ్గ పైకెత్తే దాకా మూత అవసరం. ఉడతలు దుంపలు తవ్వే చోట్ల దుంప నాటినప్పుడే నేలలో కూడా జాలీ పరుస్తారు. గులాబీలకు, లేత పొదలకు చలికాలంలో సన్న కన్నుల గట్టి ఇనుప జాలీని గొట్టంలా చుట్టి, కాండానికి తగలకుండా నాలుగంగుళాల ఖాళీ ఉంచి నిలబెడతారు. గొట్టం ఎత్తు లెక్కకట్టేటప్పుడు ఆ ప్రాంతంలో పేరుకునే మంచు మందాన్ని కలపాలి. మంచు పైన మరో అడుగున్నర ఉంటేనే రక్షణ.

కుండీలను రెండడుగుల దిమ్మెల మీద పెట్టడం, వేలాడే బుట్టల్లో పెటూనియా, పాన్సీ వేయడం జాలీ కనిపించకుండా సాధించే మార్గాలు. ఇష్టమైన పూలన్నీ ఎత్తులో, చేదు మొక్కలన్నీ నేల మీద అన్న ఏర్పాటుతో కంచె లేకుండా నెట్టుకొచ్చే తోటలు ఉన్నాయి.

వికర్షకాలు

వికర్షకాలు రెండు రకాలు. నోటికి చేదు చేసేవి ఒకటి, ముక్కును బెదిరించేవి మరొకటి. మొదటి రకంలో మిరప ఘాటైన క్యాప్సైసిన్, శిలీంద్రనాశనిగా కూడా పేరున్న థైరామ్ ఉన్నాయి. థైరామ్‌ను అలంకరణ మొక్కల మీదే వాడాలి, తినే మొక్కల మీద కాదు. రెండో రకంలో కుళ్లిన గుడ్డు పదార్థం, వెల్లుల్లి, ఎండబెట్టిన పశువుల రక్తం ప్రధానం. రక్తపు పొడిలో సుమారు 12 శాతం నత్రజని ఉండటంతో అది ఎరువుగా కూడా పనిచేస్తుంది. పూర్తి శాకాహారుల ఇళ్లలో డబ్బా మీది పదార్థాల పేర్లు చదివి కొనడం మంచిది. బ్రిటన్‌లో పటిక వర్గానికి చెందిన అల్యూమినియం అమ్మోనియం సల్ఫేట్ మందులూ దొరుకుతాయి.

వీటన్నిటికీ ఒకే బలహీనత: వాన. తడిసిన ప్రతిసారీ మళ్లీ చల్లాలి. వాన లేకపోయినా చల్లిన తరువాత పుట్టిన చిగురుకు మందు అంటదు, కుందేలుకు కావలసింది సరిగ్గా ఆ చిగురే. ఒకే వాసనకు అలవాటు పడతాయి కూడా. కాబట్టి నాటిన తొలి వారాల్లో, జాలీ తీసేసిన మధ్యకాలంలో వికర్షకానికి విలువ ఉంది. వేసవి పొడవునా దాన్నే నమ్ముకుంటే డబ్బా ఖర్చు జాలీ ఖర్చును దాటుతుంది.

కలరా ఉండలు అని మనం పిలిచే నాఫ్తలీన్ ఉండలను మడుల్లో చల్లడం పాత అలవాటు. ఇది మానాలి. నాఫ్తలీన్ పిల్లలకు, పెంపుడు జంతువులకు విషం. అమెరికాలో పురుగుమందును దాని లేబుల్ మీద చెప్పని విధంగా వాడటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మనిషి వెంట్రుకలు, సబ్బు ముక్కలు, ప్లాస్టిక్ గుడ్లగూబలు, మనకు వినపడని శబ్దం చేసే పరికరాలు ఇచ్చే ఫలితం నిలకడ లేనిది. కదలికను పసిగట్టి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ వీటికన్నా నయం. పేపర్ వేసే కుర్రాడిని కూడా తడుపుతుందన్నది వేరే సంగతి.

పరిసరాల సర్దుబాటు

దాక్కునే చోటు లేకుండా చేయడం చవకైన చర్య. కట్టెల మోపులు, నరికిన కొమ్మల కుప్పలు తీసేయాలి. డెక్, షెడ్ల కింది ఖాళీని జాలీతో మూయాలి. మూసే ముందు లోపల పిల్లలు లేవని చూసుకోవాలి. కొమ్మలు నేలకు జారే పొదలను అడుగున కత్తిరించి, కిందికి వెలుతురు పడేలా చేస్తే చాలు.

పచ్చికలో తెల్ల క్లోవర్‌ను ఉండనివ్వాలా అన్నది ఇంకా తెగని చర్చ. ఒకప్పుడు అమెరికా పచ్చిక విత్తనాల మిశ్రమంలో క్లోవర్ మామూలుగా కలిసి వచ్చేది. 1940ల నడుమ 2,4-డి కలుపుమందు వచ్చాక, వెడల్పాటి ఆకులన్నిటితో పాటు అదీ చచ్చిపోయి కలుపు కింద జమైంది. కుందేళ్లకు క్లోవర్, డాండెలియన్ ప్రీతి. అవి దొరికితే పూలజోలికి తక్కువగా వస్తాయని కొందరు, మేత పెంచి కుందేళ్లను పిలుచుకోవడమేనని మరికొందరు వాదిస్తారు. రెండింటిలోనూ కొంత నిజముంది. మడికి దూరంగా, కంచె బయట క్లోవర్ ఉంచడం మధ్యేమార్గం.

పచ్చిక కోసేటప్పుడు కాటన్‌టెయిల్ గూడు బయటపడటం అమెరికా పెరళ్లలో తరచుగా జరిగేదే. పిడికెడు గుంట, పైన ఎండుగడ్డి, తల్లి తన పొట్ట నుంచి పీక్కున్న బొచ్చు, లోపల కళ్లు తెరవని పిల్లలు. తల్లి కనబడదు. రోజుకు రెండుసార్లు, తెల్లవారుజామున, సందెవేళ మాత్రమే కొద్ది నిమిషాలు వచ్చి పాలిచ్చి వెళ్తుంది. ఎప్పుడూ పక్కనే ఉంటే వేటాడే జంతువులకు గూడు ఆచూకీ ఇచ్చినట్టవుతుంది. అనాథలని భ్రమపడి ఇంట్లోకి తీసుకెళ్లిన పిల్లలు ఎక్కువగా బతకవు. గూడు మీద అడ్డంగా నిలువుగా నాలుగు నూలు పోగులు పరిచి మర్నాడు చూస్తే, అవి చెదిరి ఉంటే తల్లి వచ్చి వెళ్లినట్టు. మూడు వారాల్లో పిల్లలు గూడు వదిలేస్తాయి. అంతవరకు అక్కడ మిషన్ నడపకపోతే సరిపోతుంది.

చట్టం, ఆరోగ్యం

అమెరికాలో కాటన్‌టెయిల్ చాలా రాష్ట్రాల్లో వేట జంతువుల జాబితాలో ఉంది. ఎప్పుడు, ఎలా పట్టవచ్చో రాష్ట్రాలే నిర్ణయిస్తాయి. బోనులో పట్టి మరోచోట వదలడం దయగా కనిపించినా, పలు రాష్ట్రాల్లో అనుమతి లేనిదే కుదరదు. వ్యాధులు పాకడం, కొత్త చోట జంతువు నిలదొక్కుకోలేకపోవడం అందుకు కారణాలు. ఈశాన్య రాష్ట్రాల్లో చూపుకు దాదాపు ఒకేలా ఉండే న్యూ ఇంగ్లండ్ కాటన్‌టెయిల్ అరుదైన జాతి. పట్టినది ఏ జాతో పెరట్లో తేల్చడం కష్టం. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో కుందేలును పెంపుడు జంతువుగా ఉంచుకోవడమే నిషేధం.

తులరీమియా అనే బాక్టీరియా జబ్బు కుందేళ్ల నుంచి, వాటి మీది గోమార్ల నుంచి మనిషికి రావచ్చు. కాలిఫోర్నియాలోని తులారే కౌంటీ పేరు మీదుగా దానికి ఆ పేరు వచ్చింది. 2000 వేసవిలో మసాచుసెట్స్‌లోని మార్తాస్ విన్‌యార్డ్ దీవిలో ఈ జబ్బు న్యుమోనియా రూపంలో వ్యాపించింది. పచ్చిక కోయడానికీ, పొదలు నరకడానికీ దానితో సంబంధం ఉన్నట్టు తేలింది. చచ్చిన కుందేలును ఒట్టి చేత్తో తాకకూడదని, మిషన్ నడిపే ముందు పచ్చికను ఒకసారి చూసుకోవాలని వైద్యులు చెప్పేది అందుకే. 2020 నుంచి అమెరికా నైరుతి రాష్ట్రాల అడవి కుందేళ్లలో కనిపిస్తున్న రక్తస్రావ వైరస్ జబ్బు మాత్రం మనుషులకు సోకదు.

తెలుగు నేల, ప్రవాస తెలుగు తోటలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కనిపించేది చెవులపిల్లి (లెపస్ నైగ్రికొల్లిస్). మెడ వెనక నల్లటి మచ్చ దాని గుర్తు. బొరియ తవ్వదు. పొదల నీడలో, చేల గట్ల మీద పగలు నక్కి రాత్రి మేస్తుంది. పిల్లలు బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడతాయి. చేలల్లో మొలకలు కొరుకుతుంది గానీ, ఇంటి ముందరి మల్లె, కనకాంబరాల జోలికి రావడం అరుదు. ఇక్కడి తోటకు మేకలు, కోతులు, అడవిపందులే అసలు బెడద. చెవులపిల్లి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలో ఉండటంతో ఉచ్చులు, వలలతో దాన్ని వేటాడటం నేరం.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు అక్కడి కుందేలు కొత్త సమస్య. బతుకమ్మ కోసం పెరట్లో బంతి, సీతజడ వేసుకునేవారు ఉత్తరాది రాష్ట్రాల్లో చివరి మంచు భయం పోయాక, మే నెలలో నారు నాటుతారు. కాటన్‌టెయిల్ పిల్లలు గూళ్లు వదిలి కొత్తగా మేతకు దిగే రోజులు కూడా అవే. తిన్న నారు స్థానంలో జూన్ చివర విత్తనం వేస్తే, సెప్టెంబరు చివరికి పూలు రావడం ఆ ఏటి ఎండల మీద ఆధారపడుతుంది. ముందే కొలిచి కట్టిన రెండడుగుల చికెన్ మెష్, నాటిన రోజే చుట్టేస్తే ఆ బెంగ ఉండదు. బంతి జానెడు దాటి కాడ గట్టిపడ్డాక, జులైలో దాన్ని విప్పి పొద్దుతిరుగుడుకో, చామంతికో మార్చుకోవచ్చు.